క్విల్టు గుడ్డల ఎంపికలో రంగు కన్నా ముందు చూడవలసినది

సందేహం: ఇంటి నుంచి తెచ్చుకున్న మంగళగిరి, కలంకారీ, పోచంపల్లి నూలు గుడ్డలతో అమెరికా పద్ధతిలో క్విల్టు (గుడ్డ ముక్కలు కలిపి కుట్టే బొంత) కుట్టాలని ఉంది. రంగులు ఎలా కలపాలి?

సమాధానం: ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో చీరలు చూసి పెరిగిన మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు అందంగా ఉందని అవే రెండింటిని రెండంగుళాల ముక్కలుగా కోసి పక్కపక్కన కుడితే, నాలుగడుగుల దూరం నుంచి చూసేసరికి నమూనా కనిపించదు. ఎందుకంటే ఆ రెండూ దాదాపు సమానమైన ముదురు రంగులు. క్విల్టులో ఆకారాన్ని పైకి తేల్చేది లేత, ముదురుల మధ్య తేడాయే.

మొదటి ప్రయత్నానికి లాగ్ క్యాబిన్ నమూనా తీసుకోండి. నడుమ ఒక చిన్న చదరం, తరచుగా ఎర్రనిది, ఉంటుంది. దాని చుట్టూ పట్టీలు కుడుతూ పోతారు. ఆనుకుని ఉన్న రెండు వైపులా లేతవి, తక్కిన రెండు వైపులా ముదురువి వేస్తే చదరం ఐమూలగా రెండుగా చీలినట్టు కనిపిస్తుంది. లేత వైపున ఏయే రంగులు కలిసినా ఫరవాలేదు గాని, ముదురు పట్టీ ఒక్కటి అటు చేరినా ఆ గీత చెదిరిపోతుంది. కోయకముందే గుడ్డలన్నీ పగటి వెలుతురులో పరిచి, ఫోనుతో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఒకే బూడిద రంగులో కలిసిపోయినవాటిని ఒకే వైపుకు చేర్చండి. నడితరం ఛాయలు మాత్రం పక్కనున్నదాన్ని బట్టి మారతాయి: తెలుపు పక్కన ముదురుగా, నలుపు పక్కన లేతగా తోస్తాయి.

మన గుడ్డల్లో మంగళగిరి సాదా నూలు ఈ పనికి అన్నిటికన్నా అనువైనది. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయిన గుడ్డ అయితే, అడ్డంగా తిప్పినప్పుడు ఛాయ మారినట్టు కనిపిస్తుంది కాబట్టి ముక్కలన్నీ ఒకే దిశలో కోయండి. పెద్ద పువ్వులున్న కలంకారీని చిన్నగా కోస్తే ఒక ముక్క అచ్చంగా గోధుమ వన్నె నేలగా, మరొకటి అచ్చంగా నలుపుగా వస్తుంది. దానిని పెద్ద చదరాలకో అంచుకో ఉంచుకోవడం మేలు. పట్టు, జరీ జోలికి మొదటి క్విల్టులో పోవద్దు.

మన సంచుల్లో సాధారణంగా కరువయ్యేవి లేత గుడ్డలే. వాటిని మీరున్న చోటి క్విల్టు దుకాణంలో కొనండి. సుమారు 18 అంగుళాలకు 22 అంగుళాల కొలతతో ఫ్యాట్ క్వార్టర్ పేరిట అమ్మే ముక్కలు తీసుకుంటే గజాల కొద్దీ కొనకుండానే నాలుగైదు రకాలు చేతికి వస్తాయి. అచ్చమైన తెలుపు మన ఎరుపుల పక్కన కళ్లలో గుచ్చుకుంటుంది; మీగడ రంగు మెరుగని నా అభిప్రాయం.

రంగు దిగే కలంకారీని, నీలిమందు గుడ్డలను విడివిడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికి ఆరబెట్టాకే కోయండి, లేకపోతే తొలి ఉతుకులోనే లేత పట్టీలు గులాబీ రంగుకో నీలానికో తిరుగుతాయి. ముక్కలు కలిపి కుట్టడానికి బూడిద రంగు నూలు దారం లేతకూ ముదురుకూ కూడా సరిపోతుంది.