పొడవైన ఇంగ్లీషు మాటలు: విరుపు, ఊనిక

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులు ఉన్నందున ఆక్వాకల్చర్, సలినిటీ వంటి మాటలు ఇంట్లో రోజూ వినబడుతూనే ఉంటాయి. అయినా తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పాఠంలో అటువంటి మాట ఎదురైతే అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో కూడబలుక్కుంటూ చదువుతుంది. మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊనాలో తెలిసే పద్ధతి ఏదైనా ఉన్నదా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఉన్నదండీ. అర్థం కోసం విరవడం వేరు, పలకడం కోసం విరవడం వేరు అన్న సంగతి ముందుగా అమ్మాయికి చెప్పండి. ఆక్వాకల్చర్‌లో ‘ఆక్వా’ అంటే లాటిన్‌లో నీరు, ‘కల్చర్’ సాగు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. అర్థానికి ఇవి రెండు ముక్కలే గాని, నోటికి ఆక్-వ-కల్-చర్ అని నాలుగు అక్షరాలు (ఒక్కొక్క ఊపులో పలికే ముక్కలు), ప్రధానమైన ఊనిక, అంటే నొక్కి పలకడం (స్ట్రెస్), మొదటిదాని మీద. రెండు విరుపులూ ఇక్కడ పొసగినట్లు అన్నిచోట్లా పొసగవు. హెలికాప్టర్‌ను అందరమూ హెలి-కాప్టర్ అనే విరుస్తాము. దానిలోని గ్రీకు ముక్కలు మాత్రం మెలిక అనే అర్థమిచ్చే ‘హెలికో’, రెక్క అనే అర్థమిచ్చే ‘ప్టర్’.

ఊనిక తెలియాలంటే మాటను చివరినుంచి చూడాలి. నా దృష్టిలో పిల్లలకు అన్నిటికన్నా ముందు నేర్పవలసినది ఇదే. ‘షన్’, ‘ఇటీ’, ‘ఇక్’ అనే ప్రత్యయాలు సాధారణంగా తమకు సరిగ్గా ముందున్న అక్షరం మీదికి ఊనికను రప్పించుకుంటాయి. కాలువల శాఖవారి మాటే చూడండి: ఇరిగేట్‌లో మొదటి అక్షరం మీద ఉన్న ఊనిక ఇరిగేషన్‌లో ‘గే’ మీదికి జరుగుతుంది. సెలైన్‌లోనూ మొదటి అక్షరం మీదనే ఉన్నది సలినిటీలో ‘లి’ మీదికి పోతుంది. ఫోటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ, ఫొటోగ్రాఫిక్ అనే మూడింటిలో అది వరుసగా మొదటి, రెండవ, మూడవ అక్షరాల మీద పడుతుంది. అరబిక్, అరిథ్మెటిక్ వంటి కొన్ని ఈ సూత్రానికి లొంగవు.

మన పద్యాలలోని గురులఘువులు పలికే కాలాన్ని బట్టి ఏర్పడతాయి గనుక, ఊనిక అంటే దీర్ఘం తీయడమని పిల్లలు అనుకొనే ప్రమాదం ఉన్నది. ఇంగ్లీషులో ఊనిన అక్షరం బిగువుగా, స్పష్టంగా పలుకుతుంది, ఊనిక లేని అచ్చు చాలాచోట్ల ఏ అచ్చో పోల్చలేనంతగా నలిగిపోతుంది. ఫొటోగ్రఫీలో మొదటి ‘ఫొ’ దాదాపు ‘ఫ’ అయ్యేది అందుకే. తెలుగులో అచ్చులను మనము సాధారణంగా అంతగా నలపము గనుక ఈ అలవాటుకు కొంత వ్యవధి పడుతుంది.

ఉచ్చారణ చూపే చాలా నిఘంటువులలో ఊనిక గల అక్షరానికి ముందు, పైభాగాన చిన్న నిలువు గీత ఉంటుంది. అమ్మాయిని ముందు ఆ గీత ఎక్కడ ఉంటుందో ఊహించమని, తరువాత నిఘంటువు తెరచి సరిచూసుకోమని చెప్పండి.