న్యూ ఆర్లీన్స్ జాజ్ ఫెస్ట్‌కి వెళ్ళే ముందు

చిన్నీ,

జాజ్ గురించి ఏమీ తెలియకుండా జాజ్ ఫెస్టివల్‌కి వెళ్తే బోర్ కొడుతుందేమో అని అడిగావు. కొట్టదు. కాకపోతే పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేర్లు చూసి ప్లాన్ వేసుకోకు. వాటిలో చాలామంది రాక్, పాప్ వాళ్ళే. స్విట్జర్లాండ్‌లో 1967లో మొదలైన మాంత్రూ ఫెస్టివల్ కూడా ఇప్పుడు అలాగే ఉంది. జాజ్ పిచ్చివాళ్ళు దీనిమీద గొడవపడుతూనే ఉంటారు. నాకైతే అభ్యంతరం లేదు, టికెట్లు అమ్ముడుపోవాలి కదా.

కెనడాలోని మాంట్రియల్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్తే వీధుల్లో ఉచితంగా వినొచ్చు, నిజమే. కానీ హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ ఐదారు గంటల డ్రైవే, పైగా జాజ్ పుట్టిన ఊరు.

ఈ ఫెస్టివల్ కథ కాస్త తెలుసుకుని వెళ్ళు. 1954లో అమెరికాలోనే న్యూపోర్ట్ అనే ఊళ్ళో జాజ్ ఫెస్టివల్ మొదలుపెట్టిన జార్జ్ వీన్‌ని ఈ ఊరివాళ్ళు 1962లోనే పిలిచారు. అప్పటి చట్టాల ప్రకారం నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే హోటల్లో దిగడానికి లేదు, ఒకే వేదిక మీద వాయించడానికీ లేదు. వీన్ భార్య జాయిస్ నల్లజాతి మనిషి. ఇక ఫెస్టివల్ ఎలా జరుగుతుంది? ఆ చట్టాలు పోయాక, చివరికి 1970లో కాంగో స్క్వేర్‌లో మొదలైంది. పూర్వం బానిసలు ఆదివారాలు చేరి డప్పులు కొట్టి ఆడిన చోటది. జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్, గాస్పెల్ (నల్లవాళ్ళ చర్చి పాటల) గాయని మహేలియా జాక్సన్ అంతటివాళ్ళు వచ్చినా, వినేవాళ్ళు వాయించేవాళ్ళకంటే తక్కువట! 1972లో ఫెయిర్ గ్రౌండ్స్ అనే గుర్రప్పందేల మైదానానికి మారింది, ఇప్పటికీ అక్కడే.

అన్ని స్టేజీలూ చుట్టేద్దామని పరుగులు పెట్టకు. ముందుగా గాస్పెల్ టెంట్‌లో కూర్చో. పాతకాలం జాజ్ కావాలంటే ఎకానమీ హాల్ టెంట్‌కి వెళ్ళు. అక్కడ జనం గొడుగులు తిప్పుతూ వరసగా ఆడుకుంటూ తిరుగుతారు, నువ్వూ కలిసిపో.

వినడం ఎలాగంటావా? మన కచేరీలో కల్పనస్వరాల్లాంటిదే సోలో అంటే. ముందు అందరూ కలిసి పాట వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరూ దానిమీద అప్పటికప్పుడు అల్లుకుపోతారు. మొదట వినిపించిన వరస గుర్తుపెట్టుకుంటే, ఎంత దూరం పోయి వచ్చారో తెలుస్తుంది. 1956లో న్యూపోర్ట్‌లో ఎలింగ్టన్ బృందంలోని పాల్ గొన్సాల్వెస్ సాక్సోఫోన్ మీద ఏకబిగిన 27 ఆవర్తాలు వాయిస్తే జనం లేచి డాన్సులు చేశారు. మన పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ కూడా 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు. అన్నట్టు, ఒక్కో సోలో అవగానే చప్పట్లు కొట్టాలి, పాట అయ్యేదాకా ఆగక్కర్లేదు.

తిండి దగ్గర మాంసం తినని మీ ఆయనకి కష్టమే. ఎర్ర బీన్స్‌లో కూడా సాసేజ్ వేస్తారు, అడిగి తినమను. మ్యాంగో ఫ్రీజ్ మాత్రం ఇద్దరూ వదలకండి. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో అక్కడ ఎండ మాడ్చేస్తుంది, వాన పడితే మైదానమంతా బురదే. బురదైనా బాధలేని బూట్లు వేసుకో.

ఒక రాత్రి ప్రిజర్వేషన్ హాల్‌కి ఉంచుకో. పాతకాలం జాజ్ వాయించే ఆ హాలు 1961లో మొదలైంది; చిన్న గది, ముక్కాలు గంట కచేరీ, ఫోన్లో ఫొటోలు తీయనివ్వరు. దానికి టికెట్ ముందే కొను. హోటల్ ఇంకా ముందు చూసుకో, ఆ రెండు వారాలూ ఊళ్ళో గదుల రేట్లు మండిపోతాయి.

మీ పెదనాన్న