వరదకు తప్పు ఎవరిది: ముందు గేటు రిజిస్టరు, తర్వాతే పార్టీ

"2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు కొందరు అప్పటి ప్రభుత్వాన్ని, కొందరు అంతకుముందున్న ప్రభుత్వాన్ని తిట్టారు. అధికారులు వాన మీదకి తోశారు. అసలు తప్పెవరిదో మామూలు మనిషి తేల్చుకోవడం ఎలా?" అన్నది మీ ప్రశ్న.

తేల్చుకోవచ్చు. కానీ మొత్తం వరదకు ఒకే దోషిని వెతికితే ఎప్పటికీ తేలదు. వాన ఎంత పడింది, నీళ్ళు ఎప్పుడు వదిలారు, పోయే దారి ఎవరు మూశారు, జనానికి ఎప్పుడు చెప్పారు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. ఒక్కోదానికి ఒక్కో జవాబుదారు, ఒక్కో రిజిస్టరు ఉంటాయి. ప్రెస్‌మీట్లలో అన్నీ కలిపేస్తారు, అందుకే ఎవరి మాట విన్నా నిజమే అనిపిస్తుంది.

వాన లెక్కలో ఒక మెలిక ఉంది. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు ఉదయం 8.30కి ముగుస్తుంది. అంటే 19వ తేదీ కింద రాసిన వాన 18న పగలూ రాత్రీ పడిన వాన. ఇది తెలియక "వాన 19న పడితే 18 సాయంత్రమే నీళ్ళెలా వచ్చాయి, డ్యామ్ ముందే వదిలేశారు" అని కొట్లాడుకుంటారు. టౌన్‌లో కొలిచిన వానొక్కటే చూడటం ఇంకో పొరపాటు. కొండ మీద పడిన నీళ్ళు కపిలతీర్థం, మాల్వాడి గుండం మీదుగా కిందికి దిగుతాయి కాబట్టి తిరుమల కొలత కూడా పక్కన పెట్టుకోండి. 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. అత్యంత భారీ వర్షం పడితే ఏ ప్రభుత్వం ఉన్నా రోడ్ల మీదకి నీళ్ళొస్తాయి. అవి ఆరు గంటల్లో పోయాయా, నాలుగు రోజులు నిలిచాయా అన్నదే మనుషుల పద్దులో పడుతుంది.

నీళ్ళు వదలడం దగ్గరే అసలు విషయం తేలుతుంది. తిరుపతి దగ్గరి కల్యాణి డ్యామ్ లాంటి చోట గేటు రిజిస్టరు ఉంటుంది: గంట, నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తారు. ఇందులో ఇన్‌ఫ్లో చాలాచోట్ల నేరుగా కొలిచింది కాదు. గంటలో మట్టం ఎంత పెరిగిందో చూసి, దానికి వదిలిన నీళ్ళు కలిపి కట్టిన లెక్క. కాబట్టి ఆ గడిని వదిలేసి మట్టం గడి మీద వేలు పెట్టుకుని కిందికి రండి. ఉదాహరణకు, రాత్రి 9 నుంచి మట్టం గంటగంటకూ ఎక్కుతూ ఉండి, గేటు ఎత్తింది 2 గంటలకని రాసి ఉంటే, "ఒక్కసారిగా వరద వచ్చిపడింది" అన్న మాట నిలవదు. ఆ ఐదు గంటల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరి ఆర్డరు కోసం ఆగారు అన్నదే అడగాల్సిన ప్రశ్న. మట్టం కూడా రాత్రి ఒంటిగంట దాకా కదలకుండా ఉండి ఉంటే ఇంజినీరును తిట్టడం అన్యాయం.

రిజిస్టరును కూడా గుడ్డిగా నమ్మకండి. రాత్రంతా ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, అన్నీ రౌండ్ ఫిగర్లతో ఉంటే తర్వాత కూర్చుని రాసినట్టు అనుమానించాలి. కరెంటు పోయిన రాత్రి గేటు ఎత్తారంటే జనరేటరు లాగ్‌బుక్‌లో డీజిల్ ఖర్చు పడాలి. కింది మండలాలకు పంపిన హెచ్చరిక సమయం తహసీల్దారు ఆఫీసులో ఉంటుంది. మూడూ ఒకే గంట చూపిస్తే నమ్మొచ్చు. నీళ్ళ లెక్క టీఎంసీల్లో (వంద కోట్ల ఘనపుటడుగులు) చెబితే క్యూసెక్కుల్లోకి (సెకనుకు ఒక ఘనపుటడుగు) మార్చుకోండి: రోజంతా ఆగకుండా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ.

ఇంకో మాట. ఇలాంటప్పుడు ముందు వేటు పడేది గేట్ల దగ్గర పనిచేసే లస్కరు మీదో, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) మీదో. డ్యామ్‌ను నవంబరులో నిండుగా ఉంచింది టౌన్ తాగునీటి కోసమైతే, అది వాళ్ళ నిర్ణయం కాదు. ఎంత మట్టం దాకా నింపాలో సంతకం పెట్టిన వాళ్ళది. గేటు ఇరుక్కుపోతే రిపేరు ఎస్టిమేటు ఎప్పుడు పైకి వెళ్ళింది, ఎప్పుడు మంజూరైంది, బిల్లు ఎక్కడ ఆగింది అని తేదీలు వరసగా రాయండి. వాటి పక్కన 2014 జూన్ 8, 2019 మే 30, 2024 జూన్ 12 గీతలు గీయండి. ఇవి ప్రభుత్వాలు మారిన రోజులు. ఫైలు ఏ గీతకు ఏ పక్కన ఎన్నాళ్ళు పడుకుందో కనిపిస్తుంది. రెండు పక్కలా పడుకుని ఉంటే రెండు పార్టీలదీ తప్పే, అలా చెప్పడానికి మొహమాటపడొద్దు.

అదే నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర మంత్రి రాజ్యసభలో రాష్ట్రాన్ని తప్పుపట్టారు. డిజైన్‌ను మించిన వరద వచ్చిందని రాష్ట్రం జవాబిచ్చింది. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. గేట్లన్నీ ఒకే కొలతవైతే ఒకటి ఆగితే దారి ఐదో వంతు తగ్గుతుంది. ఆ ఐదో వంతు ఉంటే కట్ట నిలిచేదా అన్నది లెక్క వేసి చెప్పాల్సిన సంగతి. చెన్నై 2015 వరద మీద ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆ పనే చేసింది. అక్కడి చెంబరంబాక్కం జలాశయం నుంచి నీళ్ళు వదిలిన తీరు పరిశీలించి, అది మనుషులు తెచ్చిన వరద అని రాసింది.

దారి మూసిన సంగతికి చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పటి నీటిమట్టం) హద్దు, వంక గీసి ఉన్న ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం), లేఅవుట్ అప్రూవల్ తేదీ చాలు. ఎఫ్ఎంబీలో వంక ఉండి నేల మీద ప్లాట్లుంటే అప్రూవల్ మీద సంతకం చూడండి. చెరువు మొరవ (నిండాక నీళ్ళు పొర్లే చోటు) పారే దారిలో కట్టిన గోడకూ ఇదే పద్ధతి. టౌన్ కాలువల విషయంలో చాలామంది మరిచిపోయేది ఒకటుంది: తిరుపతి 2007లో కార్పొరేషన్ అయితే, మొదటి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ మధ్య ఏళ్ళలో నిలదీయడానికి కార్పొరేటరే లేడు. దానికి బాధ్యత ఎన్నికలు పెట్టని ప్రభుత్వాలన్నిటిదీ. హెచ్చరిక విషయంలో జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే ఛైర్మన్, జవాబు అక్కడి నుంచే రావాలి.

కాగితాలు తెప్పించుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు చాలు. జిల్లా స్థాయి ఆఫీసుకైతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, మండలానికి 5, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. "గేట్లు ఎందుకు ఆలస్యంగా ఎత్తారు?" అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. "2021 నవంబరు 17 ఉదయం 6 నుంచి 20 ఉదయం 6 దాకా గేటు రిజిస్టరు నకలు" అని అడగండి. నకలుకు ముందే ఒరిజినల్ చూస్తామని కూడా రాయండి, పెన్ను, దస్తూరీ కనిపించేది అందులోనే. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి వరద నాటి ఫైళ్ళు చిత్తూరులోనే ఉన్నాయని చెప్పొచ్చు. అలాంటప్పుడు సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ కింద దరఖాస్తును 5 రోజుల్లో వాళ్ళే అక్కడికి పంపాలి. డ్యామ్ సేఫ్టీ చట్టాన్ని మాత్రం ఈ వరదకు వాడొద్దు, అది అమల్లోకి వచ్చింది 2021 డిసెంబరు 30న.

మీ వైపు సాక్ష్యం కూడా ఉండాలి. ఈసారి నీళ్ళొస్తే గోడ మీద మట్టం గీత గీసి పక్కన టైమ్ రాయండి. రోడ్డు నుంచి గీత దాకా టేపు ఆనించి, అంకెలు కనిపించేలా ఫోటో తీయండి. గంటకొకటి చొప్పున ఐదారు గీతలుంటే, గేటు రిజిస్టరు పక్కన పెట్టి చూడటానికి మీ చేతిలోనూ ఒక రిజిస్టరు ఉన్నట్టే.