నెలసరి నొప్పి మామూలేనా, ఎండోమెట్రియోసిసా?

‘పెళ్లయితే అదే తగ్గుతుందిలే’ అనే మాట నమ్మి, నెలనెలా కాలేజీ మానేసేంత నొప్పిని ఓర్చుకోకండి. మామూలు నొప్పికి కారణం గర్భాశయాన్ని గట్టిగా పిండేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాటి తయారీనే తగ్గిస్తాయి. అందుకే నొప్పి ముదిరేదాకా ఆగకుండా, మొదలవగానే ఏదైనా తిని వేసుకోవాలి. అల్సర్, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే.

ఎండోమెట్రియోసిస్ వేరు. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీద, పేగుల దగ్గర పెరుగుతుంది. నెలసరికి ముందే నొప్పి, విరేచనానికి వెళ్లినప్పుడు, కలయికలో నొప్పి, పిల్లలు కలగకపోవడం ఉంటే గైనకాలజిస్టును కలవండి. స్కానింగ్ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రలతో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. తగ్గకపోతే లాప్రోస్కోపీ (చిన్న కోతలతో, కెమెరా సాయంతో చేసే ఆపరేషన్) చేసి ఆ కణజాలాన్ని తీసేస్తారు. తీసేసినా కొందరికి మళ్లీ వస్తుంది కాబట్టి ఫాలోఅప్ మానొద్దు.