పత్తిలో కింది ఆకులు ఎర్రబడితే

ప్రశ్న: మా చల్కా నేలలో పత్తి కాయ ఊరుతోంది. కింది ఆకులు ఎర్రబడుతున్నాయి, ఈనెలు పచ్చగానే ఉన్నాయి. యూరియా వేయాలా?

జవాబు: వద్దు, చాలామంది తొందరపడేది ఇక్కడే. ఇది మెగ్నీషియం లోపం. నత్రజని, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. కాయల అవసరానికి వేళ్లు అందించలేకపోతే ముదురాకుల నుంచి తరలిపోతాయి, అందుకే లోపం కింద మొదలవుతుంది. కాల్షియం, బోరాన్ అలా కదలవు. వాటి లోపం చిగుళ్లలో, పిందెల్లో కనబడుతుంది.

లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి, వారం తేడాతో రెండుసార్లు చల్లటి పూట పిచికారీ చేయండి. బాగా ఎర్రబడిన ఆకు తిరిగి పచ్చబడదు. కొత్త ఆకులను బట్టి ఫలితం చూడాలి. అంచులు కిందికి ముడుచుకుని ఎర్రబడితే మాత్రం ఆకు తిప్పి పచ్చదోమ (రసం పీల్చే చిన్న పురుగు) ఉందేమో చూడండి. దానికి ఈ పిచికారీ పనిచేయదు.