బియ్యం ఇంటి నుంచే పోతే, తిండికి నెలకు 4,500 సరిపోతాయా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మూడెకరాలుంది. వరి, కొంచెం పల్లికాయ వేస్తం. మా చిన్నోనికి హైదరాబాద్‌ల డిగ్రీ సీటొచ్చింది. హాస్టల్ తిండి పడదు, ముగ్గురు దోస్తులం కలిసి రూమ్ తీసుకుంటమంటున్నడు. ఫీజు, కిరాయి సంగతి చూసుకున్నం. తిండికి మాత్రం నెలకు 4,500 కన్నా ఎక్కువ పంపలేం. సరిపోతయా? పెద్దోడు ఇట్లనే రూమ్‌ల ఉండి ఏడాదికే సగమై వచ్చిండు. అందుకే భయం.

జవాబు: సరిపోతాయమ్మా. లెక్కగా వాడితే కొంత మిగులుతుంది కూడా. కాకపోతే పొద్దున ఏడింటికి ఆ రూమ్‌లో పొయ్యి వెలగాలి. మీ పెద్దబ్బాయి సగమైపోయింది పైసలు తక్కువై కాదేమోనని నా అనుమానం. రూమ్‌ల్లో ఉండే పిల్లలు ఆలస్యంగా లేస్తారు, టిఫిన్ మానేస్తారు. పదకొండింటికి ఆకలేస్తే క్యాంటీన్‌లో సమోసా, చాయ్. మధ్యాహ్నం అన్నం మూడింటికి. రాత్రి పదకొండు దాటాక ముగ్గురూ కలిసి ఫోన్‌లో బిర్యానీ. దాని ధర మీద ప్యాకింగ్, డెలివరీ, జీఎస్టీ అన్నీ ఎక్కుతాయి. పొద్దున పాతిక రూపాయల్లో అయిపోయే తిండికి రాత్రి రెండు వందలు కడతారు. మీరు పంపే డబ్బు కారిపోయేది అక్కడే.

నేనూ పాలమూరు నుంచి వచ్చి నగరంలో రూమ్‌లో ఉండి చదువుకున్నవాణ్నే. చాయ్, ఉస్మానియా బిస్కట్లతో పూట గడిపేసి నెలకు మూడు నాలుగు వందలు మిగిల్చానని మురిసిపోయేవాణ్ని. రెండో ఏడు కడుపులో మంట పట్టుకుంది. మిగిల్చిన దానికి రెండింతలు డాక్టరుకూ మందులకూ పోయింది. అందుకే తిండి దగ్గర పొదుపు చెయ్యమని ఎవరికీ సలహా ఇవ్వను.

ఇక లెక్క. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజువారీ పళ్లెం ఒకటుంది. అందులో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85, పల్లీలు, నువ్వుల్లాంటి గింజలు 35, పండ్లు 100, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. మన పళ్లెంలో ఇది తలకిందులుగా ఉంటుంది. అన్నం గుట్ట, దాని పక్కన ఇంత కూర, ఇంత తొక్కు. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఆ కేలరీలు చాలవు, కొంచెం ఎక్కువే తింటాడు. అయినా లెక్కకు ఈ కొలతే పట్టుకుందాం.

ధాన్యం నెలకు ఏడున్నర కిలోలు. మీ రేషన్ కార్డులో వాడి పేరుంటే, 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం వాటా 6 కిలోలు ఎలాగూ వాడిదే. మిగతాది మీ ఇంటి వడ్లలోంచి పోతుంది. గింజలు నెలకు కిలో. మీకు పల్లికాయ పండుతుంది కదా, ఒలిచి వేయించి డబ్బాకు పోసి పంపండి. వంద గ్రాముల పల్లీల్లో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. మీ పల్లీలుంటే టౌన్‌లో పిల్లలు డబ్బాల్లో కొనుక్కునే ప్రొటీన్ పొడుల జోలికి పోనక్కర్లేదు. మీరు ఆర్టీసీ పల్లెవెలుగులోనో ఎక్స్‌ప్రెస్‌లోనో వెళ్తే ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం కింద మీకు టికెట్ ఖర్చు లేదు. నెలకోసారి మూట మీరే తీసుకెళ్లండి. వాడు ఎలా ఉన్నాడో కళ్లారా చూసినట్టూ ఉంటుంది.

కొనాల్సినవి చూద్దాం. పన్నెండు కిలోల కూరగాయలకు 600. రైతుబజార్‌కు సాయంత్రం పోతే ఇంకా తగ్గుతుంది. పాలకు 540. కందిపప్పు, పెసర్లు, బబ్బెర్లు కలిపి కిలోన్నరకు 200. రోజుకో గుడ్డు, 210. ఆదివారం ఆదివారం పావుకిలో కోడికూరకు 250. అరటిపండ్లకు 180, నూనెకు 150, ఉప్మారవ్వ, అటుకులకు 250. ఉప్పు, కారం, చాయ్‌పత్తి, చక్కెరకు 200. గ్యాస్, నీళ్ల క్యాన్లలో వాడి వంతు 400. మొత్తం 2,980. ధరలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి మూడు వేలనుకోండి. నీళ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషులను చూసిన నల్లగొండవాళ్లకు నేను ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మిగిలే 1,500లో వెయ్యి వాడి బయటి తిండికి. వద్దనకండి. దోస్తులతో బయట తినకుండా ఏ పిల్లాడూ ఉండడు, ఉండమంటే అబద్ధాలు చెబుతాడు. ఐదు వందలు మీ దగ్గరే ఉంచండి. జ్వరమొచ్చిన నెల పనికొస్తాయి.

పంపే తీరు మార్చండి. ఒకటో తారీఖున 4,500 వేసేస్తే పదిహేనుకు ఖాళీ. ఒకటిన 2,000 వేసి పప్పు, నూనె, రవ్వ లాంటివి నెలకంతా ఒకేసారి కొనిపించండి. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు 500 చొప్పున వేయండి. ఆ 500లో 250 వాడు యూపీఐ లైట్‌లోకి, అంటే ఫోన్‌లో చిన్న ఖర్చులకు విడిగా ఉండే పర్సులోకి, మార్చుకుని బయటి తిండి మొత్తం అందులోంచే కట్టాలి. అది అయిపోతే ఆ వారానికి అంతే.

కర్రీ పాయింట్ సంగతి కూడా చెప్పాలి. గల్లీకొకటి ఉంటుంది. కుక్కర్‌లో అన్నం పెట్టి, ఒక ప్యాకెట్ కూర తెచ్చుకోవడం పిల్లలకు తేలిక. పరీక్షల వారంలో తెచ్చుకోనీ. రోజుకు రెండు ప్యాకెట్లయితే డెబ్బై రూపాయలు, నెలకు 2,100. కూరగాయలు, నూనె, మసాలాలకు మనం వేసుకున్న దానికి ఇది రెండింతలకు పైనే. అందులో నూనె, ఉప్పు ఎంతుంటాయో వండినవాడికే తెలియాలి. రాత్రి నానేసిన పెసర్లు పొద్దున గుడాలు చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. అది చేసుకోవడం వచ్చినవాడు టిఫిన్ మానడు.

హాస్టల్ మాట పూర్తిగా కొట్టేయకండి. వాడి వంతు కిరాయి, కరెంటు, ఈ మూడు వేలు కలిపి చూడండి. హాస్టల్ ఫీజు దానికన్నా ఐదారు వందలే ఎక్కువైతే నేను హాస్టల్‌కే ఓటేస్తాను. అక్కడ వేళకు గంట కొడతారు. కులం, ఆదాయాన్ని బట్టి ప్రభుత్వ హాస్టల్‌కు అర్హత ఉంటే ముందు అదే అడగండి. ఇంటర్ నుంచి పైచదువుల పిల్లలకు ప్రభుత్వం మెస్ చార్జీలను 2024లో నెలకు 1,500 నుంచి 2,100కు పెంచింది.

రూమే ఖాయమైతే, ముగ్గురి ఉమ్మడి డబ్బుకు ఒక నోట్‌బుక్ పెట్టించండి. మీ మూటలో మిగతా ఇద్దరూ తింటారు, తిననివ్వండి. కానీ మీ బియ్యానికీ పల్లీలకూ ఊళ్లో ధర కట్టి మీవాడి వాటాలో జమ రాయాలి. ఈ మాట మొదటి రోజే అనుకోవాలి. రెండో నెలలో అడిగితే దోస్తీ చెడుతుంది. వెళ్లేలోపు మీ ఇంట్లో వారానికి రెండు పూటల వంట వాడితోనే చేయించండి. పప్పుకు ఎన్ని విజిల్స్ కావాలో మాడ్చుకునే నేర్చుకోనీ. కుక్కర్ మాత్రం కొత్తది కొనకండి, మీ పాతదానికి వాచర్ మార్పించి ఇవ్వండి.