24వ ఎత్తులో వద్దన్న డ్రా, 91వ ఎత్తులో తీసుకున్నా

చెస్ టీం మ్యాచ్‌లో గంటలు గంటలు ఆడి చివరికి డ్రానే అయ్యేటప్పుడు, మధ్యలో ఎదుటివాడు అడిగినప్పుడే ఒప్పేసుకుంటే సరిపోయేది కదా, ఆ కష్టమంతా దండగే కదా అని అడిగారు. కాదండీ, అస్సలు కాదు. నాకు సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి గట్టిగా చెప్తున్నా.

నాలుగు బోర్డుల మ్యాచ్, నేను నాలుగో బోర్డు, నల్లపావులు. 24వ ఎత్తు దగ్గర ఎదుటివాడు డ్రా అడిగాడు. నా పొజిషన్ బాగానే ఉంది, ఒప్పుకోవాలనే ఉంది. కెప్టెన్ వైపు చూశా. రూల్ ప్రకారం ఆయన పొజిషన్ గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు, తీసుకో, వద్దు, అంతవరకే. ఆయన ఒకసారి మొదటి బోర్డు వైపు చూసి "వద్దు, ఆడు" అన్నాడు. అక్కడ మావాడికి గుర్రం పోయింది, అది పోయిన గేమే అని ఆయనకి తెలిసిపోయింది. రెండో బోర్డు అప్పటికే డ్రా.

సరే ఆడా, 40 ఎత్తులు దాటేసరికి ఒక బంటు పోగొట్టుకుని రూక్ (ఏనుగు) ఎండింగ్‌లో పడ్డా. మొదటి బోర్డు రిజైన్ చేసేశాడు. గెలుపుకి ఒకటి, డ్రాకి అర లెక్కన స్కోరు మాకు అర, వాళ్లకి ఒకటిన్నర. ఇక్కడే అసలు సంగతి. మా పక్కనే మూడో బోర్డు, అక్కడ మావాడితో ఆడుతున్న కుర్రాడు తన ఎత్తు వేయడం, లేచి వచ్చి నా బోర్డు చూడటం, మళ్లీ వెళ్లి కూర్చోవడం. నాలుగో బోర్డు గెలుపు తమదే, మ్యాచ్ అయిపోయింది అన్న ధీమా. అలా తిరిగొచ్చి గబుక్కున వేసిన ఒక ఎత్తుకి వాడి బిషప్ పోయింది, మావాడు గెలిచాడు. నేను 24వ ఎత్తులోనే చెయ్యి కలిపి ఉంటే స్కోరు ఒకటి, రెండు అయ్యేది, మ్యాచ్ మొత్తం తన మీదే ఉందని వాడు కుర్చీలోంచి కదిలేవాడు కాదు. ఎవరేమన్నా సరే, ఆ మూడో బోర్డు గెలుపులో నా కష్టం ఉంది.

ఇప్పుడు ఒకటిన్నర, ఒకటిన్నర, మిగిలింది నేనొక్కడినే. నేను ఓడితే టీంకి మ్యాచ్ పాయింట్ (బోర్డు పాయింట్ కాదు, మొత్తం మ్యాచ్ ఫలితానికి ఇచ్చేది) సున్నా, డ్రా చేస్తే ఒకటి. కాగితం మీద అర పాయింటే, టీంకి అది మొత్తం. క్లాక్‌లో నిమిషం కూడా లేదు, ఎత్తుకి అదనంగా వచ్చే 30 సెకన్ల మీదే బండి లాగుతున్నా, అందులోనే స్కోర్‌షీట్ కూడా రాయాలి, చెమటకి పెన్ను జారిపోతోంది. చివరికి వాడికి రూక్, ఒక బంటు, నాకు ఉత్త రూక్. వాడి రాజు డీ5 గడిలో, బంటు ఈ5లో, నా రాజు ఈ8లో. రూక్‌ని ఆరో వరసలో పెట్టుకుని అటూ ఇటూ కదుపుతూ కూర్చున్నా, వాడి రాజు ముందుకి రాలేడు. ఇది 1777 నాటికే ఫిలిడోర్ అనే ఫ్రెంచ్ ఆటగాడు రాసిపెట్టిన డిఫెన్స్. విసిగిపోయి బంటుని ఈ6కి తోశాడు, అంతే, ఇక వాడి రాజుకి దాక్కునే చోటు లేదు, నా రూక్ కిందికి మొదటి వరసకి దిగి వెనక నుంచి చెక్కు మీద చెక్కు. 91వ ఎత్తులో వాడే చెయ్యి చాపాడు.

తర్వాత ఒకాయన ఫోన్‌లో ఇంజిన్ (పొజిషన్‌ని లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్, సున్నా చూపిస్తే ఇద్దరూ సమానం) పెట్టి "ఇది ఎప్పట్నుంచో సున్నానే, ఎందుకంత టెన్షన్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సున్నా ఇంజిన్‌కి తెలుసు, క్లాక్ ముందు కూర్చున్నవాడు ప్రతి ఎత్తులో దాన్ని కనిపెట్టుకోవాలి. ఈ ఇంజిన్ నంబర్లు చూస్తూ గేమ్ చూసే అలవాటు మన చూపునే పాడుచేసింది. డ్రా అనగానే ఏమీ జరగలేదనుకుంటారు. 2025లో మాజీ ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్‌తో ఆన్‌లైన్‌లో 1,43,000 మందికి పైగా కలిసి, ఓట్లేసి ఎత్తులు ఎంచుకుంటూ నెలన్నర ఆడి డ్రా చేస్తే, అంతమంది ఉండి గెలవలేదా అన్నవాళ్లున్నారు. 1999లో ఇలాగే ప్రపంచమంతా కలిసి ఇంకో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ మీద ఆడి 62 ఎత్తుల్లో ఓడిపోయింది, అది గుర్తుండదు.

మ్యాచ్ అయ్యాక హాల్ బయటికి వస్తే మా మూడో బోర్డువాడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఇక్కడున్నావురా అంటే, "నా గేమ్ అయిన దగ్గర్నుంచీ, నీది చూడలేకపోయా, ఏమైంది?" అన్నాడు.